అకామా, పొదుపు ఖాతా, కొబ్బరి తోట: కువైట్‌లో ఉన్న తమ్ముడి పనులు ఏ వరుసలో చేయాలి

అమ్మా, మీరు అడిగినది నాకు అర్థమైనంతవరకు ఇది. సఖినేటిపల్లి దగ్గర మీ ఊరి నుంచి మీ తమ్ముడు 2018లో ఏజెంటు ద్వారా కువైట్ వెళ్లాడు. చదువు తొమ్మిదో తరగతితో ఆగింది. అక్కడ ఒక కంపెనీలో 18వ నంబరు వీసా (ప్రైవేటు కంపెనీ ఉద్యోగులకు ఇచ్చేది) మీద ఎలక్ట్రీషియన్‌గా పని చేస్తున్నాడు. వెళ్లకముందు ఊళ్లో తెరిచిన మామూలు పొదుపు ఖాతాలోకే ఇన్నేళ్లూ జీతం పంపుతున్నాడు. పాస్‌బుక్కు, ఏటీఎం కార్డు మీ అమ్మగారి దగ్గర ఉన్నాయి. ఇప్పుడు ఆ ఖాతాకు కేవైసీ, అంటే ఖాతాదారు వివరాలు సరిచూసే, నోటీసు వచ్చింది. అకామా, అంటే కువైట్‌లో నివసించే అనుమతి, దాని గడువు రెండు నెలల్లోనూ, పాస్‌పోర్టు గడువు ఏడు నెలల్లోనూ ముగుస్తున్నాయి. సంక్రాంతికి వచ్చినప్పుడు 70 సెంట్ల కొబ్బరి తోట తన పేర రిజిస్ట్రేషన్ చేయించుకోవాలని బేరం మాట్లాడుకున్నారు. ఇరవై ఆరేళ్ల మీ మరదలిని విజిట్ వీసా మీద పంపి అక్కడ ఇంటిపనిలో పెట్టిస్తానని ఏజెంటు అంటున్నాడు. బ్యాంకులో కువైట్ సంగతి ఎత్తవద్దని, ఆధార్ కార్డు ఇచ్చి కేవైసీ ముగించుకోమని చెప్పినది కూడా ఆ ఏజెంటే.

నేను రాజోలు వైపు వాణ్ణి. కువైట్‌లో ఒక నిర్మాణ కంపెనీ లెక్కల విభాగంలో 19 ఏళ్లు పని చేశాను. నెలనెలా జీతాల జాబితా తయారు చేసి బ్యాంకుకు పంపడం, ప్రభుత్వ కార్యాలయాల పనులు చూసే కంపెనీ ప్రతినిధి మందూబ్‌తో కలిసి కార్మికుల అకామా కాగితాలు గడువు లోపల సిద్ధం చేయడం నా ఉద్యోగం. ఊరికి తిరిగి వచ్చిన తరువాత కూడా మలికిపురం, రాజోలు, నర్సాపురం ప్రాంతాల కుటుంబాలు ఇటువంటి కాగితాలు పట్టుకుని నా దగ్గరకు వస్తూనే ఉన్నాయి. ఆ అనుభవంతో చెబుతున్నాను: ఏజెంటు ఇచ్చిన సలహాలు రెండూ తప్పే, వాటిలో విజిట్ వీసా సలహా ఒక మనిషి జీవితాన్ని ప్రమాదంలో పడేసేది. తోట బేరానికి బయానా ఇంకా ఇవ్వకపోయి ఉంటే, కారణం కింద వివరంగా రాస్తాను గాని, ప్రస్తుతానికి ఆపండి.

మన వాళ్లు సాధారణంగా చేసే పొరపాటు బ్యాంకు పనిని, వీసా పనిని వేరువేరుగా చూడటం. ధవళేశ్వరంలో తలుపులు దించితే ఆ రోజు కాకపోయినా నాలుగు రోజులకు శివారు కాలువ ఎలా ఎండుతుందో, ఈ కాగితాలు కూడా అలాగే ఒకదాని వెనుక ఒకటి నడుస్తాయి. పాస్‌పోర్టుకు ఎంత గడువు ఉంటే అంతవరకే అకామా ఇస్తారు. అకామా ఎంతవరకు ఉంటే సివిల్ ఐడీ, అంటే మన వాళ్లు బతాకా అనే కార్డు, అంతవరకే చెల్లుతుంది. బతాకా గడువు దాటిన రోజు నుంచి అక్కడి బ్యాంకు ఏటీఎం కార్డు ఆగిపోవచ్చు. ఎక్స్చేంజ్ కంపెనీలో కౌంటరు దగ్గర నిలబడి డబ్బు పంపుదామన్నా చెల్లుబాటు అయ్యే బతాకా లేనిదే తీసుకోరు. 2024లో కువైట్ ప్రభుత్వం వేలిముద్రలు ఇవ్వడానికి ప్రవాసులకు డిసెంబరు 31 వరకు గడువు పెట్టి, ఇవ్వనివారి బ్యాంకు సేవలను దశలవారీగా నిలిపివేయించింది. జీతం ఖాతాలో పడి ఉండి కూడా ఇంటికి రూపాయి పంపలేని పరిస్థితి అప్పుడు చాలామందికి వచ్చింది. కాబట్టి మీ తమ్ముడి పనులన్నిటిలో మొదటిది పాస్‌పోర్టు, బ్యాంకు దాని తరువాతే.

పాస్‌పోర్టు గడువు ముగియడానికి ఏడాది ముందు నుంచే కొత్తదానికి దరఖాస్తు చేయవచ్చు కనుక మీ తమ్ముడు ఇప్పటికే అర్హుడు. అది కువైట్‌లోనే, భారత రాయబార కార్యాలయం తరఫున నడిచే పాస్‌పోర్టు సేవా కేంద్రంలో చేయించుకోవాలి. భీమవరం పాస్‌పోర్టు సేవా కేంద్రంలో చేయించుకుందాంలే, సంక్రాంతికి వస్తున్నాను కదా అనుకోవద్దని చెప్పండి. ఇక్కడ పోలీసు విచారణలో ఏ చిన్న ఆలస్యం జరిగినా సెలవు అయిపోతుంది, తిరుగు ప్రయాణం చిక్కుల్లో పడుతుంది. కొత్త పాస్‌పోర్టు చేతికి వచ్చాక దాని నంబరును కువైట్ నివాస రికార్డులోకి మార్పించాలి, ఆ తరువాతే కంపెనీ అకామా పునరుద్ధరణకు పెట్టాలి. కంపెనీలో కొందరు మందూబ్‌లు తొందరలో పాత పాస్‌పోర్టు మీదే అకామా కొట్టించేస్తారు. అలా చేస్తే పాత పాస్‌పోర్టులో మిగిలిన కొద్ది నెలలకే అకామా వస్తుంది, మళ్లీ అదే తతంగం నడపవలసి ఉంటుంది. అందుచేత మీ తమ్ముడు ఈ వారమే మందూబ్‌ను కలిసి, పాస్‌పోర్టుకు దరఖాస్తు చేసిన రసీదు చూపించి, ఏ తేదీకి ఏది జరగాలో మాట్లాడుకోవడం మంచిది.

ఈ కొత్త పాస్‌పోర్టు సందర్భంలోనే మూడు విషయాలు సరిచేసుకోవచ్చు. మొదటిది ఇంటిపేరు. మన వైపు చాలామంది పాస్‌పోర్టుల్లో ఇంటిపేరు గడి ఖాళీగా ఉండి, పేరంతా ఒకే వరుసలో ఉంటుంది. బ్యాంకు పాస్‌బుక్కులో ఇంటిపేరు పొడి అక్షరంగా ఉంటుంది. పాన్ కార్డులో మాత్రం ఇంటిపేరు చివరకు వెళ్లి ఉంటుంది. మనిషి ఒక్కడే అని మనకు తెలుసు గాని కంప్యూటరుకు ముగ్గురు మనుషులు కనిపిస్తారు. యూఏఈ అయితే 2022 నవంబరు నుంచి ఒకే పేరు ఉన్న పాస్‌పోర్టుతో విజిట్ వీసాపై వచ్చేవారిని అనుమతించడం మానేసింది. ఇంటిపేరు, అసలు పేరు వేరువేరు గడుల్లో పూర్తిగా రాయించి, మిగిలిన కార్డులన్నిటినీ పాస్‌పోర్టుకు అనుగుణంగా మార్పించుకోవడం సరైన పద్ధతి. పాస్‌పోర్టును మిగిలినవాటికి అనుగుణంగా మార్చబోతే అక్కడి రికార్డులన్నీ కదిలించవలసి వస్తుంది గనుక, మార్చేది ఏమైనా ఉంటే ఈ ఒక్కసారే ఆలోచించి మార్చాలి.

రెండవది ఈసీఆర్ ముద్ర. పదో తరగతి పాస్ కానివారికి ఇచ్చే పాస్‌పోర్టు మీద గల్ఫ్ వంటి 18 దేశాలకు ఉద్యోగానికి వెళ్లేటప్పుడు ప్రవాసుల రక్షణాధికారి అనుమతి తీసుకోవాలన్న షరతు ఉంటుంది. మొత్తం కలిపి మూడేళ్లకు పైగా విదేశంలో నివసించినవారికి ఆ షరతు తొలగిస్తారు. మీ తమ్ముడు ఆ కాలం ఎప్పుడో దాటాడు కాబట్టి, పాత అకామాల వివరాలు జతచేసి తొలగింపు కోరవచ్చు. మూడవది చిరునామా. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడగొట్టిన తరువాత మీ మండలం కోనసీమ జిల్లాలోకి వచ్చింది, పాత పాస్‌పోర్టులో తూర్పు గోదావరి అని ఉంటుంది, ఆధార్‌లో ఏముందో చూసుకోవాలి. ఊరూ పిన్‌కోడూ మారలేదు కదా అని మనం అనుకుంటాం. కౌంటరులో కూర్చున్న కొత్త ఉద్యోగికి మాత్రం అది రెండు వేర్వేరు చిరునామాలుగా కనిపించి కాగితం వెనక్కి వస్తుంది.

ఇక బ్యాంకు. విదేశీ మారక చట్టం, అంటే ఫెమా ప్రకారం, ఉద్యోగం కోసం దేశం విడిచిన మనిషి వెళ్లిన రోజు నుంచే ప్రవాసి అవుతాడు. 182 రోజుల లెక్క ఆదాయపు పన్ను చట్టానికి సంబంధించినది. ఈ రెంటినీ కలిపేసి, ఆరు నెలలు దాటాక చూసుకుందాం అని వాయిదా వేసి, ఆ తరువాత మరిచిపోయిన కుటుంబాలు మా మండలంలోనే లెక్కలేనన్ని ఉన్నాయి. ప్రవాసి అయినవాడు మామూలు పొదుపు ఖాతా నడపకూడదు. దానిని ఎన్‌ఆర్‌ఓ అనే ప్రవాసుల ఖాతాగా మార్పించుకోవాలి. ఉల్లంఘించిన సొమ్ము లెక్క తేలితే దానికి మూడు రెట్ల వరకు జరిమానా వేసే అధికారం ఆ చట్టంలో ఉంది. మిమ్మల్ని భయపెట్టడానికి ఇది చెప్పడం లేదు. తమంతట తామే శాఖకు వెళ్లి, ఫలానా ఏడాది నుంచి విదేశంలో ఉన్నాం, తెలియక మార్చుకోలేదు, ఇప్పుడు మార్చండి అని రాసిచ్చినవారిని బ్యాంకు ఇబ్బంది పెట్టడం నా కళ్లతో నేను చూడలేదు. కాని ఏజెంటు చెప్పినట్లు ఆధార్ ఇచ్చి, కేవైసీ పత్రంలో భారతదేశంలోనే నివసిస్తున్నాను అన్న గడిలో టిక్కు పెట్టి సంతకం చేస్తే, ఇంతవరకు తెలియనితనంగా ఉన్నది ఆ క్షణం నుంచి తెలిసి ఇచ్చిన అబద్ధపు వాంగ్మూలం అవుతుంది. ఆ సంతకం ఏజెంటుది కాదు, మీ తమ్ముడిది.

మామూలు ఖాతా ఎన్‌ఆర్‌ఓగా మాత్రమే మారుతుంది, ఎన్‌ఆర్‌ఈగా మారదు. ఎన్‌ఆర్‌ఈ ఖాతా కొత్తగా తెరవాలి. ఈ రెండు ఖాతాల తేడా మన ఊరి లెక్కలో చెప్పుకుంటే తేలిక. మీ తమ్ముడి వాటాకు వచ్చే కొబ్బరి దింపు డబ్బులు, పొలం కౌలు, రాజోలులోనో పాలకొల్లులోనో ఇల్లు ఉంటే దాని అద్దె, అంటే ఈ గడ్డ మీద పుట్టిన రూపాయి ఏదైనా ఎన్‌ఆర్‌ఓలో పడాలి. కువైట్‌లో సంపాదించి పంపిన డబ్బు ఎన్‌ఆర్‌ఈలో పడాలి. ఎన్‌ఆర్‌ఈలో వచ్చే వడ్డీకి మన దేశంలో పన్ను లేదు, ఎప్పుడు కావాలంటే అప్పుడు మళ్లీ విదేశానికి పంపుకోవచ్చు. ఎన్‌ఆర్‌ఓ వడ్డీ మీద మాత్రం బ్యాంకు మొదటి రూపాయి నుంచే 30 శాతం, దానిపై సెస్సు కలిపి 31.2 శాతం టీడీఎస్ పట్టుకుంటుంది. దింపు, కౌలు వంటివి వ్యవసాయ ఆదాయం కనుక వాటికి పన్ను లేదు, కాని అవే డబ్బులు ఎన్‌ఆర్‌ఓలో డిపాజిట్ వేస్తే దానిమీద వచ్చే వడ్డీకి పన్ను ఉంటుంది. వడ్డీ మీద పన్ను పట్టుకోవద్దని ఏటా ఏప్రిల్‌లో పెద్దవాళ్లు బ్యాంకులో ఇచ్చే 15జీ, 15హెచ్ వంటి పత్రాలు ప్రవాసులకు చెల్లవు. మీ అమ్మగారు ఇన్నాళ్లూ తమ్ముడి పేర ఉన్న డిపాజిట్‌కు ఆ పత్రం ఇస్తూ వచ్చి ఉంటే ఇకముందు ఇవ్వవద్దని చెప్పండి. పట్టుకున్న పన్ను అసలు కట్టవలసినదానికంటే ఎక్కువైతే రిటర్ను దాఖలు చేసి వెనక్కి తెచ్చుకోవచ్చు. దానికి పాన్ పని చేస్తూ ఉండాలి. ఆధార్‌తో అనుసంధానం చేయలేదని చాలామంది ప్రవాసుల పాన్ నిలిచిపోయింది. ప్రవాసులకు ఆ అనుసంధానం నుంచి మినహాయింపు ఉంది గాని, ఆదాయపు పన్ను పోర్టల్‌లో తన నివాస స్థితిని ప్రవాసిగా నమోదు చేయించుకుంటేనే అది వర్తిస్తుంది.

మీ అమ్మగారి విషయం నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోచింది. కొడుకు ఏటీఎం కార్డు తల్లి దగ్గర ఉండటం మన ఇళ్లలో తప్పుగా ఎవరూ అనుకోరు. అయినా ఆ కార్డు పోయినా, ఎవరైనా మోసం చేసి డబ్బు తీసినా, కార్డు రహస్య సంఖ్య వేరొకరికి చెప్పారన్న కారణంతో బ్యాంకు ముందు మీ మాట నిలవదు. సక్రమమైన మార్గాలు మూడు ఉన్నాయి. ఇంటి ఖర్చుల సొమ్మును మీ అమ్మగారి సొంత పొదుపు ఖాతాకే కువైట్ నుంచి నేరుగా పంపడం అన్నిటికంటే సులువైనది. కొడుకు తల్లికి ఇచ్చే డబ్బు మీద ఆమెకు పన్ను ఉండదు. రెండవది, ఎన్‌ఆర్‌ఈ ఖాతాలో ఆమెను దగ్గరి బంధువుగా రెండో పేరుగా చేర్చడం. అయితే ఖాతాదారు జీవించి ఉండగా ఆమె అధికార పత్రం మీద తప్ప ఆ ఖాతాను నడపలేరు. మూడవది ఆ అధికార పత్రమే, బ్యాంకు భాషలో మ్యాండేట్. దానితో స్థానిక చెల్లింపులు చేయవచ్చు గాని, ఆ డబ్బును ఇంకొకరికి కానుకగా ఇవ్వడానికి వీల్లేదు. నా సలహా మొదటిదీ మూడవదీ కలిపి పెట్టుకోమని.

ఖాతా మార్పుకు, కొత్త ఖాతాకు బ్యాంకు అడిగేవి పాస్‌పోర్టు, విదేశంలో నివాసాన్ని చూపే వీసా లేదా నివాస కార్డు, అక్కడి చిరునామా ఆధారం, ఇక్కడి చిరునామా ఆధారం, పాన్, ఫొటో. ఇక్కడ ఒక చిక్కు గురించి ముందే చెప్పాలి, ఎందుకంటే నేను దాని వల్లే రెండు సెలవులు పోగొట్టుకున్నాను. 2019 మార్చి నుంచి కువైట్ ప్రవాసుల పాస్‌పోర్టులో అకామా స్టిక్కరు అంటించడం మానేసింది. బతాకాయే అకామాకు ఆధారం. మన శాఖల్లో ఇప్పటికీ పాస్‌పోర్టులో వీసా పేజీ చూపించమంటారు. నేను ఒకసారి వచ్చినప్పుడు, లేని పేజీని ఎక్కడి నుంచి తెస్తానని ఎంత చెప్పినా శాఖలో వినలేదు, మరుసటి ఏడాది వచ్చినప్పుడు అదే మాట వేరే ఉద్యోగి అన్నారు. మూడోసారి నేను బతాకా రెండువైపులా నకలు, కంపెనీ ఇచ్చిన ఉద్యోగ ధ్రువపత్రం, మూడు నెలల జీతం స్టేట్‌మెంటు, స్టిక్కరు విధానం ఎప్పటి నుంచి రద్దయిందో చెప్పే ఒక చిన్న విజ్ఞాపన లేఖ కలిపి మేనేజరుగారికే ఇచ్చాను, పని ఆ రోజే అయింది. మీ తమ్ముడు మొదటిసారే ఆ నాలుగూ తెచ్చుకోవాలి. తాను రాకముందే పంపదలచుకుంటే నకళ్లను రాయబార కార్యాలయంలోగాని నోటరీతోగాని ధ్రువీకరించి పంపాలి. స్వయంగా వస్తే అసలు పత్రాలు చూపడమే చాలు.

ఫోను నంబరు సంగతి చిన్నదిగా కనిపించినా అశ్రద్ధ చేయవద్దు. మన సిమ్ కార్డు 90 రోజులు వాడకపోతే, దానిలో కనీస నిల్వ కూడా లేకపోతే, కంపెనీ ఆ నంబరును తీసేసి కొంతకాలానికి ఇంకొకరికి ఇస్తుంది. నా పాత నంబరుకు అలాగే అయింది. నా ఖాతాకు వచ్చే ఓటీపీలు ఎవరో తెలియని మనిషికి వెళుతున్నాయని నాకు తెలిసేసరికి ఏడాది గడిచింది. డబ్బు పోలేదు, కాని ఆ రాత్రి నేను నిద్రపోలేదు. ఖాతా మార్చేటప్పుడే కువైట్ నంబరును, ఈమెయిలును నమోదు చేయించాలి. యూపీఐ మాత్రం వేరే సంగతి: 2023 జనవరిలో విదేశీ నంబర్లతో ఎన్‌ఆర్‌ఈ, ఎన్‌ఆర్‌ఓ ఖాతాలకు యూపీఐ ఇచ్చేందుకు ప్రకటించిన 10 దేశాల్లో ఒమన్, ఖతర్, సౌదీ, యూఏఈ ఉన్నాయి గాని కువైట్ లేదు. అందుచేత ఇక్కడి సిమ్‌ను కూడా నెలకోసారి రీచార్జి చేసి బతికించుకోవడం మంచిది.

హుండీ, అంటే బ్యాంకుతో పని లేకుండా మనుషుల ద్వారా డబ్బు చేరవేసే దారి గురించి మీరు అడగలేదు, అయినా ఒక్క మాట. దినారుకు రూపాయో రెండు రూపాయలో ఎక్కువ వస్తుందని, ఇంటికే తెచ్చి ఇస్తారని కొందరు ఆ దారిలో పంపుతారు. అది చట్టవిరుద్ధం. పైగా ఆ డబ్బుకు ఆధారం ఉండదు, రేపు ఇల్లు కట్టుకున్నప్పుడు సొమ్ము ఎక్కడిదని అడిగితే చూపించడానికి ఒక్క కాగితం దొరకదు.

తోట సంగతికి వస్తున్నాను. ప్రవాసి మన దేశంలో ఇల్లు కొనవచ్చు, ఫ్లాటు కొనవచ్చు, సక్రమంగా ఇళ్ల స్థలంగా మార్పిడి అయిన స్థలం కొనవచ్చు. వ్యవసాయ భూమి, తోట, ఫామ్‌హౌస్ కొనకూడదు. డెల్టాలో పుట్టిన మనకు ఇది మింగుడు పడని నిబంధన. గల్ఫ్ వెళ్లిన ప్రతి మనిషి మొదటి కోరిక అప్పు తీర్చడం, రెండవది నాలుగు కుంచాల చేనో, అర ఎకరం తోటో, ఇప్పుడైతే రొయ్యల చెరువుకు పనికొచ్చే నేలో కొనడం. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఆధార్ చూపించి రిజిస్ట్రేషన్ చేయించుకున్నవారు మీకు ఎందరో కనిపిస్తారు, ఏమీ కాలేదని కూడా చెబుతారు. ఆ భూమిని అమ్మబోయినప్పుడో, దాని మీద అప్పు తీసుకోబోయినప్పుడో, డబ్బు వచ్చిన ఖాతా చరిత్ర అడిగినప్పుడో ఆ చిక్కు బయటపడుతుంది. తండ్రితాతల నుంచి వారసత్వంగా వచ్చిన భూమిని మాత్రం మీ తమ్ముడు నిరభ్యంతరంగా ఉంచుకోవచ్చు, కౌలుకు ఇచ్చుకోవచ్చు.

అమ్మ పేర కొందాం అని మీరు రాశారు. అది వీలవుతుంది గాని దాని అర్థం స్పష్టంగా తెలుసుకుని చేయాలి. కొడుకు తల్లికి డబ్బు నిజంగా కానుకగా ఇస్తే, ఆ డబ్బు ఆమెది. దానితో ఆమె కొన్న తోట ఆమెది. పేరు మాత్రమే ఆమెది, తోట మాత్రం తమ్ముడిది అని లోపల ఒప్పందం పెట్టుకుంటే అది బినామీ కిందకు వస్తుంది. కానుక అయితే బ్యాంకు ద్వారా పంపి, ఒక కానుక పత్రం రాసి ఉంచుకోండి. ఆమె ఆ తోటను తరువాత ప్రవాసిగా ఉన్న కొడుక్కు దానపత్రం రాసి ఇవ్వడానికి వీల్లేదు. వీలునామా ద్వారా, వారసత్వంగా మాత్రం సంక్రమించవచ్చు. వీలునామా లేకపోతే మీకూ వాటా వస్తుంది. అక్కాతమ్ముళ్ల మధ్య ఇప్పుడు ఉన్న ప్రేమ పోకుండా ఉండాలంటే ఈ మాటను తోట కొన్న తరువాత కాక, కొనకముందే ముగ్గురూ కూర్చుని మాట్లాడుకోవడం మేలు. లేదా, మరో నాలుగైదేళ్లలో తిరిగి వచ్చే ఉద్దేశం ఉంటే, అంతవరకు ఎన్‌ఆర్‌ఈ డిపాజిట్‌లో ఉంచి, వచ్చి స్థిరపడిన తరువాత తన పేరే కొనుక్కోవచ్చు. నేను అదే చేశాను. ఈ మధ్యలో ఇంటి స్థలం ఏదైనా మీ ద్వారా కొనాలనుకుంటే, కువైట్‌లో రాయబార కార్యాలయం ధ్రువీకరించిన పవర్ ఆఫ్ అటార్నీ పంపవచ్చు; అది మన దేశానికి చేరిన మూడు నెలల లోపల ఇక్కడ స్టాంపు వేయించాలి.

మీ మరదలి విషయం చివరకు పెట్టాను గాని ఇదే నన్ను ఎక్కువగా కలవరపెట్టింది. విజిట్ వీసా పని చేయడానికి ఇచ్చేది కాదు. ఈసీఆర్ పాస్‌పోర్టు ఉన్న స్త్రీ గల్ఫ్‌లో ఉద్యోగానికి వెళ్లాలంటే కనీసం 30 ఏళ్లు ఉండాలి, నియామకం ప్రభుత్వ సంస్థల ద్వారానే జరగాలి. మన రాష్ట్రంలో ఆ పని చేసేది ఓంక్యాప్. ఆమెకు ఇరవై ఆరేళ్లే కాబట్టి సక్రమమైన దారి ప్రస్తుతం లేదు, అందుకే ఏజెంటు విజిట్ వీసా అంటున్నాడు. ఆ దారిలో వెళ్లిన మనిషి పేరు విదేశీ ఉద్యోగాలకు వెళ్లేవారిని మన ప్రభుత్వం నమోదు చేసే ఈ-మైగ్రేట్‌లో ఉండదు, ఒప్పంద పత్రం ఉండదు, రెండేళ్లకు 275 రూపాయలు, పన్ను అదనంగా, కడితే 10 లక్షల రూపాయల రక్షణ ఇచ్చే ప్రవాసీ భారతీయ బీమా యోజన కూడా ఉండదు. కువైట్‌లో ఇంటిపని వారి కోసం 2015లో చేసిన 68వ నంబరు చట్టం వారానికి ఒక సెలవు, రోజుకు 12 గంటలకు మించని పని, ఉద్యోగం ముగిసినప్పుడు ఏడాదికి ఒక నెల జీతం చొప్పున సొమ్ము ఇవ్వాలంటుంది. ఇవన్నీ ఇంటిపని వారికి ఇచ్చే 20వ నంబరు అకామా ఉన్నవారు అడగగలిగిన హక్కులు. అకామాయే లేని మనిషి పోలీసుల దగ్గరకు వెళ్లడానికే భయపడుతుంది, ఆ భయమే ఆమెను పెట్టుకున్నవారి బలం అవుతుంది. బ్యాంకు ఖాతా తెరవలేదు, తన పేరున డబ్బు పంపలేదు. సంపాదన అంతా ఎవరో ఒకరి చేతిలో ఉంటుంది. మా పక్క ఊరి నుంచి అలా వెళ్లిన ఒక తల్లి 2024లో అకామా లేనివారికి కువైట్ క్షమాభిక్ష ప్రకటించేవరకు, తన కూతురి పెళ్లికి కూడా రాలేకపోయింది. భార్యను కుటుంబ వీసా మీద తీసుకెళ్లాలంటే 2024లో పెట్టిన నిబంధన ప్రకారం జీతం 800 దినార్లు ఉండాలి. మీ తమ్ముడి జీతం ఎంతో మీకు తెలుసు. లైసెన్సు ఉన్న ఏజెంటు ఎవరైనా సేవా రుసుముగా తీసుకోగలిగినది 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ మాత్రమే. మీ ఏజెంటు ఎంత అడిగాడో మీరు రాయలేదు. అతని లైసెన్సు నంబరు అడగండి, ఈ-మైగ్రేట్ వెబ్‌సైటులో సరిచూడండి. నంబరు చెప్పకపోతే మీకు జవాబు దొరికినట్లే.

ప్రయాణం గురించి రెండు జాగ్రత్తలు చెబుతాను. కొత్త అకామా ఫోనులో కనిపించేవరకు మీ తమ్ముడు విమానం టికెట్టు తీసుకోకూడదు. గడువు చివర బయలుదేరి ఇక్కడ ఉండగా అకామా ముగిస్తే తిరిగి వెళ్లడం కంపెనీ దయ మీద ఆధారపడుతుంది. 2025 జూలై 1 నుంచి 18వ నంబరు అకామా ఉన్నవారు దేశం విడవాలంటే కంపెనీ ఆమోదించిన ఎగ్జిట్ పర్మిట్ కూడా ఉండాలి, దానిని ప్రయాణానికి ముందే ఆన్‌లైన్‌లో తీసుకోవాలి.

నోటీసు గడువు సంక్రాంతి కంటే ముందే ఉంటే, మీరు రేపే శాఖకు వెళ్లి, ఖాతాదారు విదేశంలో ఉన్నాడని, ఎన్‌ఆర్‌ఓగా మార్చుకోవడానికి స్వయంగా వస్తున్నాడని రాసిచ్చి, రాసిచ్చిన కాగితం నకలు మీద శాఖ ముద్ర వేయించుకోండి. మీ తమ్ముడి సంతకంతో ఈమెయిలు కూడా అదే రోజు పంపించండి. అతను భోగికి కనీసం వారం ముందు ఊరికి చేరేలా చూసుకోవాలి, పండుగ రోజుల్లో శాఖలో పని జరగడం కష్టం. పాత పాస్‌పోర్టు, కొత్త పాస్‌పోర్టు, బతాకా, పాన్, ఆధార్, ఉద్యోగ ధ్రువపత్రం, జీతం స్టేట్‌మెంటు ఒకే సంచిలో, చేతి సామానులోనే తెచ్చుకోమనండి. నోటీసులో ఏ పత్రం అడిగారో, ఏ తేదీ ఇచ్చారో నాకు రాయండి. ఆ లేఖ ఎలా రాయాలో నమూనా తయారు చేసి ఇస్తాను.